ఇంజిన్ కంప్యూటర్ ఫర్మ్‌వేర్: ఉచిత డిసెంబ్లర్లతో అధ్యయనం

కారులో ఇంధనం ఎప్పుడు, ఎంత చిమ్మాలో, స్పార్క్ ఏ క్షణంలో పడాలో నిర్ణయించే చిన్న కంప్యూటర్‌ను ఇంజిన్ కంట్రోల్ యూనిట్ అంటారు. వాడుకలో ఈసీయూ. దాని ఫ్లాష్ మెమొరీలో ఉండే ప్రోగ్రామూ, ఆ ప్రోగ్రాము అడుగడుగునా సంప్రదించే పట్టికలూ కలిస్తే ఫర్మ్‌వేర్. తయారీదారులు దీని సోర్స్ కోడ్‌ను బయటపెట్టరు. చిప్‌లో ఉండేది ప్రాసెసర్‌కు తప్ప మరెవరికీ అంతుపట్టని అంకెల వరస. ఆ అంకెలను తిరిగి ఆదేశాలుగా విడదీసి చూపేది డిసెంబ్లర్. ఆ ఆదేశాలను బట్టి సీ భాష లాంటి కోడ్‌ను ఊహించి రాసేది డీకంపైలర్. ఒకప్పుడు ఖరీదైన లైసెన్సు కొంటే తప్ప అందని ఈ సాధనాలు ఇప్పుడు ఉచితంగా దొరుకుతున్నాయి. అయితే వాటితో తీరేది సగం పనే. ఎదురైన ఒక సంఖ్య ఇంజిన్ వేగమా, కూలెంట్ ఉష్ణోగ్రతా, ఇంజెక్టర్ తెరుచుకునే సమయమా అన్నది ఏ డిసెంబ్లరూ చెప్పదు. దానికి ఇంజిన్ ఎలా పనిచేస్తుందో తెలిసి ఉండాలి.

ఈసీయూల పరిణామం

జర్మనీకి చెందిన బాష్ కంపెనీ 1979లో మోట్రానిక్ వ్యవస్థను బీఎండబ్ల్యూ 732ఐ కారులో ప్రవేశపెట్టింది. ఇంధనాన్నీ, ఇగ్నిషన్‌నూ ఒకే డిజిటల్ యూనిట్ చూసుకోవడం దానితో మొదలైంది. అమెరికాలో కాలుష్య నిబంధనలు బిగిసేకొద్దీ జనరల్ మోటార్స్ 1981 నుంచి తన కార్లకు కంప్యూటర్ నియంత్రణ పెట్టింది. 1980లలో ఫోర్డ్ వాడిన ఈఈసీ-4 యూనిట్‌లో ఇంటెల్ చేసిచ్చిన 8061 చిప్ ఉండేది. 1990ల తొలినాళ్ల హోండా సివిక్ ఈసీయూలో ప్రోగ్రాము, పట్టికలు అన్నీ 32 కిలోబైట్ల ఈప్రామ్‌లో ఇమిడిపోయేవి. ఆ తరం ఫర్మ్‌వేర్‌ను ఔత్సాహికులు కాగితం మీద అచ్చువేసుకుని, పెన్నుతో గీతలు గీస్తూ చదివినా పని జరిగేది.

1990ల చివరికి పరిస్థితి మారింది. ఫోక్స్‌వ్యాగన్, ఆడి కార్లలోని బాష్ ఎంఈ7 యూనిట్‌లో సీ167 ప్రాసెసర్, సాధారణంగా 512 కిలోబైట్ల నుంచి 1 మెగాబైట్ దాకా ఫ్లాష్ ఉండేవి. సుబారు, మిత్సుబిషి, నిస్సాన్‌లు హిటాచి చిప్‌ల వైపు వెళ్లాయి. ఎస్‌హెచ్-2 అనే ఆ చిప్‌ల కుటుంబం తర్వాత రెనెసాస్ చేతికి వచ్చింది. అందులో ఎస్‌హెచ్7055 చిప్‌కు 512 కిలోబైట్లు, ఎస్‌హెచ్7058కు 1 మెగాబైట్ ఫ్లాష్ ఉంటాయి. డీజిల్ కార్లకు బాష్ చేసిన ఈడీసీ16 పవర్‌పీసీ మీద నడిచింది. దాని తర్వాతి ఈడీసీ17 ఇన్ఫినియన్ ట్రైకోర్ మీద నడిచింది. ఈ పరిమాణంలో కాగితం, పెన్ను చాలవు.

కోడ్ వేరు, కాలిబ్రేషన్ వేరు

ఈసీయూ ఫర్మ్‌వేర్‌ను మామూలు సాఫ్ట్‌వేర్ నుంచి వేరుచేసేది దాని నిర్మాణం. ప్రోగ్రాము ఒక భాగం, కాలిబ్రేషన్ డేటా మరో భాగం. సరఫరాదారు రాసిన ఒకే ప్రోగ్రాము పది మోడళ్లలో ఉండవచ్చు. ఫలానా ఇంజిన్‌కు ఎంత ఇంధనం, ఎంత ఇగ్నిషన్ అడ్వాన్స్ అన్నది పట్టికల్లో ఉంటుంది. ఆ పట్టికలను టెస్ట్‌బెడ్ మీద, ఎండల్లో, మంచులో, కొండదారుల్లో నడిపి కార్ల కంపెనీ నింపుతుంది. మెకానిక్‌లు మ్యాప్‌లు అనేది వీటినే. ఒక మ్యాప్‌లో అడ్డంగా ఇంజిన్ వేగం, నిలువుగా లోడ్ ఉంటే, రెండూ కలిసే గడిలో స్పార్క్ కోణం ఉంటుంది. రెండు గడుల మధ్య పడిన విలువను ప్రోగ్రాము దామాషా ప్రకారం లెక్కగట్టి తీస్తుంది. ఈ పనిచేసే చిన్న ఫంక్షన్‌ను ఫర్మ్‌వేర్ అంతటా వందలసార్లు పిలుస్తారు. కాబట్టి చదవడం మొదలుపెట్టినవారు ముందుగా దాన్నే వెతికి పట్టుకుంటారు. అది దొరికితే దాన్ని పిలిచే ప్రతి చోటా ఒక పట్టిక అడ్రస్ బయటపడుతుంది.

మరోమాట. ప్రోగ్రాములో ఒక ఫంక్షన్ ఉన్నంత మాత్రాన అది పనిచేస్తున్నట్టు కాదు. కాలిబ్రేషన్‌లో ఒక్క బైటు సున్నాగా ఉంటే ఆ ఫంక్షన్ మొత్తం నిద్రపోతుంది. కోడ్ చూసి తీర్పు చెప్పేవారు తరచూ బోల్తాపడేది ఇక్కడే.

ఎంఈ7 తరం యూనిట్లకు బాష్ రాసిన లోపలి వివరణ పత్రాలు, వేల పేజీల జర్మన్‌లో, కాలక్రమంలో బయటికి పొక్కాయి. అందులో ఇంజిన్ వేగానికి ఎన్‌మాట్, ఇగ్నిషన్ మ్యాప్‌కు కేఎఫ్‌జెడ్‌డబ్ల్యూ అన్న పేర్లు ఉంటాయి. ఒక బైటులో దాచిన ఎన్‌మాట్‌లో ఒక్కో అంకె విలువ 40 ఆర్‌పీఎం. రెండు బైట్ల రూపంలోనైతే పావు ఆర్‌పీఎం. ఈ కొలమానాలు తెలియకుండా ఫర్మ్‌వేర్‌లో 20 కనిపిస్తే అది 800 ఆర్‌పీఎం అని ఎవరూ పోల్చుకోలేరు.

సాధనాలు

ఈ రంగంలో చాలాకాలం రాజ్యమేలింది ఐడా. 1990ల మొదట్లో ఇల్ఫాక్ గిల్ఫానోవ్ రూపొందించిన ఈ డిసెంబ్లర్‌ను బెల్జియంలోని హెక్స్-రేస్ సంస్థ అమ్ముతుంది. కార్ల ప్రాసెసర్లు కావాలంటే డబ్బు పెట్టి కొనే లైసెన్సే శరణ్యం. ఉచితంగా ఇచ్చే రూపం ఇంటెల్ కుటుంబాన్ని దాటి పెద్దగా పోదు. ఉచిత పక్షాన గ్నూ బిన్‌యుటిల్స్‌లోని ఆబ్జ్‌డంప్ ఉండేది. దానికి ఎస్‌హెచ్-2, పవర్‌పీసీ భాషలు వచ్చు. కానీ ఫైలు మొదటి బైటు నుంచి చివరిదాకా గుడ్డిగా విడదీసుకుంటూ పోతుంది. సెర్జీ అల్వారెజ్ 2006లో మొదలుపెట్టిన రాడారే నుంచి వచ్చిన రాడారే2, దాని నుంచి 2020లో విడిపోయిన రిజిన్, రిజిన్‌కు తెరరూపమిచ్చే కట్టర్ ఆ తర్వాతి మెట్లు.

అసలు మలుపు 2019 మార్చి 5న వచ్చింది. అమెరికా జాతీయ భద్రతా సంస్థ తన సొంత అవసరాలకు తయారుచేసుకున్న గిడ్రాను శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన ఆర్‌ఎస్‌ఏ సదస్సులో విడుదల చేసింది. అలాంటి సాధనం ఒకటి ఉందని 2017లో వికీలీక్స్ పత్రాలతోనే లోకానికి తెలిసింది. అపాచీ లైసెన్సు కింద సోర్స్ కోడ్ కూడా కొద్ది వారాల్లో వచ్చేసింది. గూఢచారుల పనిముట్టు గ్యారేజీ కుర్రాళ్ల చేతికి రావడం విచిత్రమే. కార్ల ఫర్మ్‌వేర్ చదివేవారికి దీనితో కలిగిన మేలు డీకంపైలర్. గిడ్రాలో ఎస్‌హెచ్-2, పవర్‌పీసీ, ట్రైకోర్, వీ850, ఇంటెల్ 8096 కుటుంబం అన్నీ ఉన్నాయి. ప్రాసెసర్ ఏదైనా ఒకే డీకంపైలర్ పనిచేస్తుంది. ఎందుకంటే ప్రతి ప్రాసెసర్ ఆదేశాలనూ స్లే అనే వివరణ భాషలో రాసి, పీ-కోడ్ అనే మధ్యరూపంలోకి మారుస్తారు. జాబితాలో లేని చిప్‌కు ఎవరైనా ఓపికతో ఆ వివరణ రాసుకోవచ్చు, కొందరు రాశారు కూడా.

పట్టికలను మనుషులు చదివే రూపంలో చూపే ఉచిత సాధనాలు వేరే వర్గం. సుబారు కార్లకు రోమ్‌రైడర్ ఓపెన్ సోర్స్. టాక్ట్రిక్స్ వారి ఈసీయూఫ్లాష్ ఉచితమే గాని ఓపెన్ సోర్స్ కాదు. వీటికి పట్టికల అడ్రస్‌లు చెప్పే నిర్వచన ఫైళ్లు కావాలి. ఆ ఫైళ్లను ఎవరో ఒకరు డిసెంబ్లర్ ముందు కూర్చుని తయారుచేయాల్సిందే.

ఒక ఫైలును చదివే తీరు

ఎస్‌హెచ్7058 ఉన్న సుబారు ఈసీయూ నుంచి తీసిన 1 మెగాబైట్ ఫైలును గిడ్రాలో తెరిచామనుకుందాం. అది ఏ ఫార్మాట్ అని గిడ్రా పోల్చుకోలేదు. ముడి బైనరీ, ఎస్‌హెచ్-2 కుటుంబం, పెద్ద బైటు ముందు, మొదలు సున్నా అడ్రస్ అని మనమే చెప్పాలి. ఈ నాలుగింటిలో ఒక్కటి తప్పినా తెరమీద చెత్త కనబడుతుంది. చిప్ తయారీదారు మాన్యువల్ పక్కన పెట్టుకుని, ర్యామ్ ఎక్కడుందో, టైమర్లు, ఏ/డీ కన్వర్టర్ల రిజిస్టర్లు ఎక్కడున్నాయో మెమొరీ మ్యాప్‌లో చేర్చాలి. చాలామంది ఈ అరగంట పని ఎగ్గొట్టి ఆ తర్వాత వారాలు పోగొట్టుకుంటారు.

మొదటి నాలుగు బైట్లు రీసెట్ అయ్యాక ప్రాసెసర్ వెళ్లాల్సిన అడ్రస్. తర్వాతి నాలుగు స్టాక్ పాయింటర్. ఆ వెంట వరసగా ఇంటరప్టుల అడ్రస్‌లు. ఇక్కడి నుంచి మొదలుపెట్టి ఒక్కో ఫంక్షన్ వెంట వెళ్తే కోడ్ తనంతట తాను విచ్చుకుంటుంది. ఎస్‌హెచ్-2లో ప్రతి ఆదేశం 16 బిట్లే. అందులో 32 బిట్ల సంఖ్య పట్టదు. అందుకని కంపైలర్ ఆ సంఖ్యలను ఫంక్షన్ చివర గుంపుగా పెట్టి, అక్కడి నుంచి తెచ్చుకునేలా ఆదేశం రాస్తుంది. ఆబ్జ్‌డంప్ ఈ గుంపును కూడా ఆదేశాలనుకుని విడదీసి, అర్థంలేని వరసలు చూపేది ఇందుకే. గిడ్రా ఆదేశాల దారి పట్టుకుని పోతుంది గనుక చాలావరకు తప్పించుకుంటుంది. మరో చిక్కు, చాలా జంప్ ఆదేశాల వెనకున్న ఆదేశం జంప్‌కు ముందే అమలవుతుంది. డీకంపైలర్ దీన్ని సర్దుకుంటుంది. అసెంబ్లీని నేరుగా చదివేవారే ఏమరపాటున ఉండకూడదు.

ఇప్పుడు వేల ఫంక్షన్లు, పేరులేని వేల ర్యామ్ అడ్రస్‌లు ముందుంటాయి. వీటిలోకి దిగడానికి సులువైన ద్వారం ఓబీడీ, అంటే కారు లోపాలను బయటి స్కానర్‌కు చెప్పే ప్రమాణం. మెకానిక్ స్కానర్ తగిలిస్తే ఈసీయూ ఏ రూపంలో జవాబివ్వాలో ప్రమాణమే నిర్దేశించింది. 5వ నంబరు అడిగితే కూలెంట్ ఉష్ణోగ్రతకు 40 కలిపి ఒక బైటు పంపాలి. 12వ నంబరు అడిగితే ఆర్‌పీఎంను నాలుగింతలు చేసి రెండు బైట్లు పంపాలి. ఈ చిప్‌లో దశాంశాల లెక్కలు చేసే యూనిట్ ఉంది కాబట్టి సంఖ్యలు ఐఈఈఈ ఫ్లోటింగ్ రూపంలో ఉంటాయి. అందులో 40 అంటే హెక్స్‌లో 42 20 00 00. 4 అంటే 40 80 00 00. ఒక ర్యామ్ విలువ తీసుకుని, దానికి 42 20 00 00 కలిపి, బైటుగా మార్చి పంపే చిన్న ఫంక్షన్ కనిపిస్తే ఆ ర్యామ్ అడ్రస్ కూలెంట్ ఉష్ణోగ్రతే అయ్యుండాలి. పక్కనే 40 80 00 00తో హెచ్చవేసేది ఇంజిన్ వేగం. రెండింటికీ గిడ్రాలో పేర్లు పెడితే, ఫర్మ్‌వేర్‌లో వాటిని వాడుకున్న ప్రతి చోటా ఆ పేర్లు వెలుగుతాయి.

అక్కడి నుంచి భౌతికశాస్త్రం దారి చూపుతుంది. ఆర్‌పీఎం వాడే ఒక ఫంక్షన్‌లో 42 70 00 00, అంటే 60, కనిపించిందనుకోండి. ఏదో విలువను 60తో హెచ్చవేసి ఆర్‌పీఎంతో భాగిస్తోంది. సెకనుకు ఇన్ని గ్రాముల గాలి అన్న కొలతను ఒక్క చుట్టుకు ఇన్ని గ్రాములు అన్న కొలతగా మార్చే లెక్క అది. సుబారు ఈసీయూల్లో ఇంజిన్ లోడ్ అంటే అదే. అంటే ఆ ఏదో విలువ గాలి ప్రవాహ సెన్సర్ నుంచి వచ్చిందన్నమాట. ఒక్క గుణకారంతో రెండు కొత్త పేర్లు దొరికాయి. 60 అన్న సంఖ్య నిమిషాల లెక్కలోనూ, ఉష్ణోగ్రత హద్దుగానూ రావచ్చు కనుక అన్నిచోట్లా ఇదే అనుకుంటే పప్పులో కాలేసినట్టే.

లోడ్, ఆర్‌పీఎం రెండూ తెలిశాక, వాటిని తీసుకుని పట్టిక వెతికే ప్రతి ఫంక్షనూ ఇంధనానికో, ఇగ్నిషన్‌కో సంబంధించినదే అన్న అంచనా బలపడుతుంది. సుబారులో ప్రతి పట్టికకూ ఒక చిన్న వివరం ఉంటుంది. ఎన్ని గడులు, అక్షం విలువలు ఎక్కడ, డేటా ఎక్కడ, ఎంతతో హెచ్చవేసి ఎంత కలపాలి అన్నవి అందులో ఉంటాయి. అక్షం ఉన్న చోటికి వెళ్తే 44 48 00 00 అని 800, ఇంకా కిందికి 45 48 00 00 అని 3200 వరసలో పేర్చి కనిపిస్తాయి. ఆర్‌పీఎంను రెండు హద్దులతో పోల్చి, పై హద్దు దాటితే ఒక జెండా ఎత్తి, కింది హద్దుకు దిగాక దించే ఫంక్షన్ రెవ్ లిమిటర్. ఇలా ఒకదాని చేయి పట్టుకుని మరొకటి బయటికి వస్తుంది.

ఊహను నిర్ధారించుకునే మార్గం కూడా ఉచితమే. రోమ్‌రైడర్ లాగర్‌తో నడుస్తున్న కారులో ఆ ర్యామ్ అడ్రస్‌ను చదివి, యాక్సిలరేటర్ తొక్కినప్పుడు విలువ మారుతుందో లేదో చూడవచ్చు. కారు లేనివారు గిడ్రాలోని ఎమ్యులేటర్‌తో ఒక్క ఫంక్షన్‌ను విడిగా నడిపి చూసుకోవచ్చు. కారులో చూసినదానికే విలువ ఎక్కువ.

ఇతర ప్రాసెసర్ల పేచీలు

సీ167లో అడ్రస్‌లు నేరుగా ఉండవు. నాలుగు పేజీ రిజిస్టర్లు ఉంటాయి. ఒక్కో పేజీ 16 కిలోబైట్లు. ఎంఈ7లో మొదటి పేజీ రిజిస్టర్‌లో సాధారణంగా హెక్స్ 204 ఉంటుంది. దాన్ని పేజీ పరిమాణంతో హెచ్చవేస్తే హెక్స్ 810000, కాలిబ్రేషన్ డేటా ఉండే ప్రాంతం. ఈ విలువలు డిసెంబ్లర్‌కు చెప్పకపోతే అన్ని పట్టికలూ తప్పు చోట కనిపిస్తాయి. పవర్‌పీసీలో 2, 13 రిజిస్టర్లు, ట్రైకోర్‌లో ఏ0, ఏ1, ఏ8, ఏ9 రిజిస్టర్లు ఇలాంటి స్థిర ఆధారాలు. మొదట్లో ఒకసారి నింపి ఆపై మార్చరు. రీసెట్ తర్వాతి కోడ్‌లో వాటిని పట్టుకుని గిడ్రాకు చెప్పడమే పని. ట్రైకోర్‌లో ఒకే ఫ్లాష్ రెండు అడ్రస్‌ల దగ్గర కనిపించడం కొత్తవారిని తికమకపెడుతుంది.

డీజిల్ కుంభకోణంలో ఫర్మ్‌వేర్ సాక్ష్యం

ఈ విద్యకు ప్రజల్లో గుర్తింపు తెచ్చింది ఫోక్స్‌వ్యాగన్ వ్యవహారం. దాన్ని ముందుగా బయటపెట్టింది డిసెంబ్లర్ కాదన్న సంగతి మాత్రం గుర్తుంచుకోవాలి. వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయం బృందం కార్లకు పొగ కొలిచే పరికరాలు బిగించి రోడ్ల మీద నడిపింది. 2014లో వచ్చిన ఆ బృందం నివేదిక ప్రకారం ఒక జెట్టా కారు నైట్రోజన్ ఆక్సైడ్‌లను పరిమితికి 15 నుంచి 35 రెట్లు వదిలింది. 2015 సెప్టెంబర్ 18న అమెరికా పర్యావరణ సంస్థ ఫోక్స్‌వ్యాగన్‌కు నోటీసు ఇచ్చింది. ప్రపంచవ్యాప్తంగా సుమారు 1.1 కోట్ల వాహనాల్లో పరీక్షను పసిగట్టి మోసం చేసే సాఫ్ట్‌వేర్ ఉందని కంపెనీయే ఒప్పుకుంది. ఎలా చేశారన్నది తేల్చింది మాత్రం ఫర్మ్‌వేర్ పఠనమే.

ఫెలిక్స్ డోమ్కె అనే జర్మన్ పరిశోధకుడు ఈడీసీ17 యూనిట్‌ను విడదీసి చదివి, 2015 డిసెంబర్‌లో హాంబర్గ్‌లో జరిగిన కేయాస్ కమ్యూనికేషన్ కాంగ్రెస్‌లో ఫలితాలు చూపించాడు. బయల్దేరినప్పటి నుంచి గడిచిన సమయం, ప్రయాణించిన దూరం, ఈ రెండింటినీ ఫర్మ్‌వేర్ కొన్ని వక్రరేఖలతో పోల్చి చూస్తుంది. కారు ప్రయాణం పై రేఖకూ కింది రేఖకూ మధ్య ఇరుకు దారిలోనే సాగితే, అది ప్రయోగశాలలో జరిగే పరీక్ష అని తీర్మానిస్తుంది. దారి తప్పిన క్షణం నుంచి పొగ శుద్ధి వేరే పద్ధతికి మారిపోతుంది. మామూలు రోడ్డు మీద ఎవరూ ఆ ఇరుకు దారిలో ఎంతోసేపు నడపలేరు. ఈ ఫంక్షన్‌కు పెట్టిన పేరు చూస్తే నవ్వొస్తుంది. ఇంజిన్ శబ్దానికి సంబంధించినదన్నట్టు అకౌస్టిక్ ఫంక్షన్ అన్నారు.

2017లో బోహుమ్ రూర్ విశ్వవిద్యాలయం, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్ డియాగో పరిశోధకులు డోమ్కెతో కలిసి ఈ పనిని యంత్రానికి అప్పగించారు. కర్వ్‌డిఫ్ అనే వారి ప్రోగ్రాము 926 ఫర్మ్‌వేర్ ఫైళ్లను జల్లెడ పట్టి, 406 ఫైళ్లలో మోసానికి వీలున్న యంత్రాంగాన్ని గుర్తించింది. అదే పత్రంలో ఫియట్ 500ఎక్స్ సంగతీ ఉంది. ఆ కారు ఇంజిన్ స్టార్ట్ అయిన 26 నిమిషాల 40 సెకన్లకు, అంటే 1600 సెకన్లకు, పొగ శుద్ధిని తగ్గించేస్తుంది. అప్పటి ఐరోపా పరీక్ష 1180 సెకన్లలో ముగుస్తుంది. పరీక్ష ముగిసిన ఏడు నిమిషాల తర్వాత గడువు తీరుతుందన్నమాట. ఇదంతా కోడ్‌నూ, కాలిబ్రేషన్‌నూ కలిపి చూస్తేనే తెలుస్తుంది. యూనిట్ బాష్‌ది, అందులో అంకెలు నింపే పని కార్ల కంపెనీది. బాధ్యత ఎవరిదన్న వాదన ఈ గీత దగ్గరే నడిచింది.

భారత్‌లో 2015 డిసెంబర్‌లో ఫోక్స్‌వ్యాగన్ బృందం ఈఏ189 డీజిల్ ఇంజిన్ ఉన్న సుమారు 3.23 లక్షల ఫోక్స్‌వ్యాగన్, స్కోడా, ఆడి కార్లను సాఫ్ట్‌వేర్ మార్పు కోసం వెనక్కి పిలిచింది. 2019 మార్చిలో జాతీయ హరిత ట్రిబ్యునల్ రూ. 500 కోట్ల జరిమానా వేసింది. కంపెనీ సుప్రీంకోర్టుకు వెళ్లగా, కఠిన చర్యలు తీసుకోవద్దని ఆ ఏడు మేలో కోర్టు ఆదేశించింది.

ఫైలు దొరకడం, చట్టం

చదవాలంటే ముందు ఫైలు చేతికి రావాలి. పాత యూనిట్లలో చిప్ ఊడదీసి రీడర్‌లో పెడితే చాలు. తర్వాతి తరంలో డయాగ్నస్టిక్ పోర్టు ద్వారా చదవవచ్చు. అందుకు ఈసీయూ ఒక సంఖ్య ఇచ్చి, దానికి సరిపోయే జవాబు అడుగుతుంది. ట్రైకోర్ యూనిట్లకు పాస్‌వర్డ్ కాపలా ఉంది. తిరిగి రాసేటప్పుడు చెక్‌సమ్ కుదరాలి. ఎస్‌హెచ్ తరం సుబారులో ఒక్కో ప్రాంతం మొత్తం, దాని పక్కన దాచిన సవరణ అంకెతో కలిపి, హెక్స్ 5ఏఏ5ఏ55ఏ కావాలి. కాకపోతే ఫర్మ్‌వేర్ చెడిందని ఈసీయూ తేల్చేస్తుంది.

భారత కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో 1999లో చేర్చిన మినహాయింపులు ఇక్కడ వర్తిస్తాయి. చట్టబద్ధంగా తన దగ్గరున్న ప్రోగ్రాము ఏ సూత్రాల మీద నడుస్తుందో పరిశీలించడానికీ, వేరే ప్రోగ్రాముతో కలిసి పనిచేయడానికి అవసరమైన, మరోచోట సులువుగా దొరకని సమాచారం రాబట్టడానికీ అవి వీలిస్తాయి. అమెరికాలోనూ 2015 అక్టోబర్‌లో వాహనాల సాఫ్ట్‌వేర్‌కు మినహాయింపు ప్రకటించారు. భారత చట్టం ఇచ్చే వెసులుబాటు చదవడానికే. మార్చిన ఫర్మ్‌వేర్‌తో రోడ్డెక్కడం వేరే విషయం. 2020 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న బీఎస్-6 కార్లలో పొగ శుద్ధిని నిలిపేసే రీమ్యాప్‌లు కాలుష్య నిబంధనల ఉల్లంఘనే. వారంటీ కూడా దక్కదు. పొగ ఫిల్టర్ తీసేసి, దాని తప్పు కోడ్ రాకుండా ఫర్మ్‌వేర్ దిద్ది పంపే దుకాణాలను, ఎంత నేర్పు ఉన్నా, ఈ విద్యకు ప్రతినిధులుగా చూడలేం.

కొత్త ఈసీయూల్లో ఫర్మ్‌వేర్‌కు డిజిటల్ సంతకం, ఎన్‌క్రిప్షన్, తాళంచెవులు దాచే ప్రత్యేక హార్డ్‌వేర్ వచ్చాయి. దొంగలనూ, దూరం నుంచి దాడిచేసేవారినీ ఆపడానికి అవి అవసరమే. అయితే స్వతంత్ర పరిశోధకుణ్నీ అవే ఆపుతాయి. డోమ్కె చేసినట్టు ఒక వ్యక్తి ఒక యూనిట్‌ను బల్లమీద పెట్టుకుని నిజం తేల్చడం ఇకపై కష్టతరమవుతుంది. నేర్చుకోదలచినవారికి ఇప్పటికీ తలుపు తెరిచి ఉన్నది 1990లు, 2000ల నాటి యూనిట్లే. పాత సామాన్ల దుకాణంలో దొరికే విడి ఈసీయూ, దాని చిప్ మాన్యువల్, గిడ్రా చాలు. రోజూ నడిపే కారు ఈసీయూ మీద మాత్రం ప్రయోగాలు చేయకండి.